కార్క్ బెరడు ఒలిచే ముందు: అలెంతెజు తోటల్లో జాగ్రత్తలు

పోర్చుగల్ దక్షిణాన అలెంతెజు ప్రాంతంలో మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా కార్క్ చెట్ల బెరడు ఒలుస్తారు. సీసాలకు బిగించే బిరడాలు ఈ బెరడుతోనే చేస్తారు. అక్కడి పశువుల కాపరులు అన్నం వేడి తగ్గకుండా పెట్టుకునే 'తర్రు' గిన్నె, ఊటనీళ్లు ముంచుకు తాగే 'కోషు' దొప్ప కూడా దీంతో చేసినవే. చెట్టును నరకరు, యంత్రం వాడటమూ తక్కువే. గొడ్డలితో, చేతి అంచనాతో సాగే పని ఇది. దెబ్బ తప్పితే చెట్టు ఆ మచ్చను ఏళ్ల తరబడి మోస్తుంది.

ముందు చెట్టు మీది అంకె చూడండి. బెరడు తీసిన ఏడాదిలోని చివరి అంకెను మాను మీద తెల్ల రంగుతో రాసి ఉంచుతారు. రెండు కోతల మధ్య కనీసం 9 ఏళ్లు ఉండాలన్నది చట్టం. 7 అని ఉంటే 2017లో తీసినట్టు, దాని వంతు మళ్లీ 2026లో వస్తుంది. అంకె చెరిగిపోయి కనిపించకపోతే యజమానిని అడగకుండా గొడ్డలి ఎత్తవద్దు.

తొలిసారి ఒలిచే చెట్టయితే టేపు వాడండి. నేల నుంచి 1.30 మీటర్ల ఎత్తున, బెరడుతో కలిపి చుట్టుకొలత 70 సెంటీమీటర్లు దాటాలి. అంత లావెక్కడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. ఎంత ఎత్తు దాకా ఒలవాలన్న దానికీ హద్దుంది. తొలి కోతలో చుట్టుకొలతకు 2 రెట్లు, రెండోసారి 2.5 రెట్లు, ఆ తర్వాత 3 రెట్లు మించకూడదు. 80 సెంటీమీటర్ల లేత చెట్టుకు 160 సెంటీమీటర్ల దగ్గర ఆగాల్సిందే. బిరడాకు పనికొచ్చే నాణ్యమైన బెరడు మూడో కోత నుంచే వస్తుంది కాబట్టి, మొదటి రెండు కోతల్లో ఆశపడి పైకి పోవడం శుద్ధ నష్టం.

ఆకు రాలి, పురుగు పట్టి, కరువుకు వాడిపోయిన చెట్టును ఈ ఏడాదికి వదిలేయండి. మాను మీద నల్లటి బొగ్గులాంటి పెచ్చు కనిపిస్తే అది శిలీంధ్ర తెగులు. ఆ చెట్టు జోలికి వెళ్లకండి. గొడ్డలి అంచు మీదుగా తెగులు చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది, అందుకే ఒక్కో చెట్టు కాగానే అంచును క్రిమినాశక ద్రావణంతో తుడవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ పనే.

ఇక గొడ్డలి దెబ్బ. బెరడులో లోతైన పగులు వెంట నిలువుగా కొట్టి, అంచును కాస్త మెలితిప్పండి. చిరుగుతున్నట్టు బోలు చప్పుడు వస్తే బెరడు వదులుగా ఉంది, ఊడి వస్తుంది. పొట్టిగా, గట్టిగా, పొడిగా మోగితే ఇంకా పట్టు వదల్లేదన్నమాట. చెట్టు చురుగ్గా ఎదిగే వారాల్లో బెరడును పుట్టించే కణాల పొర లేతగా, నీరుపట్టి ఉంటుంది కనుకే బెరడు తేలిగ్గా విడిపోతుంది. పొడి చప్పుడు వచ్చిన చెట్టును బలవంతం చేస్తే లోపలి సజీవ పొర బెరడుతోపాటు లేచి వస్తుంది. కొయ్య బయటపడిన ఆ చోట ఇక కార్క్ పుట్టదు. ఊడుతున్నప్పుడు, గొడ్డలి కామ చివర పలచగా చెక్కిన కొసను సందులో దూర్చి మెల్లగా ఎత్తండి. పలక ఎంత పెద్దదిగా వస్తే అంత విలువ, కానీ పెద్ద పలక కోసం తొందరపడి విరగ్గొట్టుకునేవారే ఎక్కువ.

వాన పడుతుంటే, వేడి పొడిగాలి వీస్తుంటే పని ఆపండి. కొత్తగా బయటపడ్డ లేత పొర ఎండిపోతుంది, లేదా తడిసి చెడుతుంది.

మనుషుల సంగతి. అలెంతెజులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తెల్లవారకముందే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాలి. ఇద్దరు కలిసి ఒకే చెట్టు చేసేటప్పుడు ఒకరి గొడ్డలి అందే దూరంలో మరొకరు నిలబడకూడదు. కొమ్మ మీది వ్యక్తి పలక వదిలే ముందు కేక వేయాలి. బెరడు సందుల్లో చీమలు గూడు కడతాయి, చేతి తొడుగు లేకుండా వేళ్లు పెట్టవద్దు. పొగ, నిప్పు అసలే వద్దు. బెరడే ఆ చెట్టుకు నిప్పు నుంచి కవచం. ఒలిచిన చెట్టును మంట తాకితే కోలుకోవడం కష్టం. మంట కనిపిస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి.

తీసిన పలకలను మట్టి మీద పేర్చవద్దు. తేమ తగిలితే బూజు పట్టి, ఆ వాసన వైన్ దాకా పోతుంది. నేలకు ఆనుకుని ఉన్న అడుగు ముక్కలను విడిగా తీసి వేరే కుప్ప పోయండి. చివరగా రంగు డబ్బా తెచ్చి, మాను మీద ఈ ఏడాది అంకె పెద్దగా రాయండి.