ఇంట్లో కంప్యూటర్ వాటర్ కూలింగ్: రాగి బ్లాక్ నుంచి లీక్ టెస్టు దాకా

ముందు ఒక లెక్క చూసుకుని తర్వాత దుకాణాలకు బయల్దేరండి. ఈ వ్యవస్థలో నీళ్లు చేసే పని వేడిని మోయడమే. ప్రాసెసర్ దగ్గర వేడిని ఎత్తుకుని రేడియేటర్ దగ్గర దించుతాయి. నిమిషానికి ఒక లీటరు పారితే, 150 వాట్ల ప్రాసెసర్ ఆ నీళ్లను సుమారు 2 డిగ్రీలే వేడెక్కిస్తుంది. కాబట్టి పెద్ద పంపు కొన్నా ఒరిగేదేమీ లేదు. మే నెలలో గది 36 డిగ్రీలుంటే నీళ్లు అంతకన్నా చల్లబడవు, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా సరే. తొట్టిలో ఐసుముక్కలు వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వానాకాలపు తేమకి బ్లాకు (ప్రాసెసర్ మీద కూర్చునే రాగి ముక్క) చుట్టూ చెమట పట్టి మదర్‌బోర్డు మీదికి కారుతుంది.

రెండో సంగతి లోహాలు. నీళ్లు తగిలే చోట రాగి, ఇత్తడి మాత్రమే ఉండాలి. ఒక్క అల్యూమినియం ముక్క చేరినా అది మెల్లగా తినుకుపోతుంది, ఆ బురద బ్లాకులోని సన్నని గాళ్లలో కూరుకుంటుంది. రేడియేటర్‌గా పాత కార్ల దుకాణంలో దొరికే హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) చవకే, కానీ కొత్త మోడళ్లలో ఎక్కువగా అల్యూమినియమే. దానికి బదులు ఫ్రిజ్, వాటర్ కూలర్ల స్పేర్లు అమ్మేచోట చిన్న కండెన్సర్ కాయిల్ కొత్తది అడగండి. బయట రెక్కలు అల్యూమినియమే అయినా లోపలి గొట్టం రాగిది, నీళ్లు తాకేది దాన్నే. సుమారు 25 x 13 సెం.మీ., రెండు మూడు వరుసలది అయితే రెండు 120 మి.మీ. ఫ్యాన్లు చక్కగా సరిపోతాయి. వాడిన కాయిల్ వద్దు. అందులో కంప్రెసర్ ఆయిల్ ఉంటుంది, కడిగినా పూర్తిగా పోదు. ఫ్యాన్‌ని కాయిల్‌కి ఆనించేయకుండా 20-25 మి.మీ. దూరంలో రేకు డబ్బా కట్టి బిగించండి. లేకపోతే ఫ్యాన్ మధ్యభాగం ఎదురుగా ఉన్న రెక్కలకు గాలే అందదు. 9.5 మి.మీ. గొట్టం చివరలను ఏసీ మెకానిక్‌తో కొంచెం ఫ్లేర్ చేయిస్తే (అంచు విప్పారేలా చేయిస్తే) పైపు జారదు.

అసలు శ్రమ బ్లాకు మీదే. ప్యానెల్ బోర్డుల వాళ్లు వాడే బస్‌బార్ రాగి 60 x 10 మి.మీ. పట్టీలో 60 మి.మీ. ముక్క కొనండి. తూకం 320 గ్రాముల పైచిలుకు ఉంటుంది. కరెంటు కోసం చేసిన రాగి శుద్ధమైనది, వేడినీ బాగా పంపుతుంది. హైదరాబాద్ బేగంబజార్లో రాగి పాత్రల తుక్కు కొని కరిగించే ఆలోచన మానుకోండి. పోత పోసిన రాగిలో గాలి బుడగలు తప్పవు.

బాలానగర్‌లో చిన్న పని పట్టే మిల్లింగ్ షాపు చూసుకోండి. అడగాల్సింది ఇది: 63 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం ఉన్న స్లిట్టింగ్ సా. దాన్ని ముక్క మధ్యలో 4 మి.మీ. లోతుకి నేరుగా దించి, పక్కకు జరపకుండా పైకి తీయాలి. గుండ్రటి రంపం కాబట్టి గాడి అడుగు పడవ అడుగులా వంపు తిరిగి, పైన సుమారు 30 మి.మీ. పొడవు వస్తుంది. ప్రాసెసర్ వేడి ఉండేది మధ్యలోనే, గాడి లోతూ అక్కడే ఎక్కువ. ఇలా 2 మి.మీ. చొప్పున జరుపుతూ 14 గాళ్లు వేస్తే మధ్య 1 మి.మీ. గోడలు మిగిలి మొత్తం వెడల్పు 27 మి.మీ. అవుతుంది. గాడిని అంచు నుంచి అంచుకు కోసేయమని చెప్పారా, ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు) కూర్చోవడానికి చోటు లేకుండా పోతుంది. రాగి మెత్తన, రంపం పళ్లకు అంటుకుంటుంది. సొల్యూబుల్ ఆయిల్ (నీళ్లలో కలిపి వాడే కోత నూనె) ధార ఆగితే సా విరుగుతుంది, లేదా గోడలు ఒంగి ఒకదానికొకటి ఆనుకుంటాయి. తొందరపెట్టకండి, గంట ఎక్కువైనా పరవాలేదు.

నాలుగు మూలల్లో 52 మి.మీ. చదరంగా 3.3 మి.మీ. రంధ్రాలు ఆరపార వేసి ఎం4 ట్యాప్ (రంధ్రం లోపల మర కోసే పనిముట్టు) కొట్టించండి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, నూనెతో. ట్యాప్ రాగిలో విరిగితే ఆ ముక్క బయటికి రాదు.

పైమూత 60 x 60 మి.మీ., 12 మి.మీ. అక్రిలిక్. అడుగువైపు 44 మి.మీ. లోపలి వ్యాసంతో గుండ్రటి గాడి తీయించండి. 2 మి.మీ. నైట్రైల్ ఓ-రింగ్‌కి గాడి లోతు 1.5, వెడల్పు 2.6. లోతు 2 అయితే రింగు నలగదు, కారుతుంది. 1 మి.మీ.కే ఆపితే మూత ఉబ్బి, నీళ్లు గోడల మీదుగా అడ్డదారిన పోతాయి, గాళ్లలోకి దిగవు. రాణీగంజ్‌లో రింగు కొన్నాకే గాడి తీయించండి, తీయించాక రింగు కోసం తిరగకండి. మధ్య నుంచి ఇటూ అటూ 12 మి.మీ. దూరంలో, గాళ్లకు అడ్డంగా, 27 పొడవు, 6 వెడల్పు, 3 లోతుతో రెండు కాలువలు చెక్కించండి. నీళ్లు అన్ని గాళ్లకూ పంచేది ఇవే. వాటి మీద 22 మి.మీ. ఎడంతో రెండు రంధ్రాలు, 11.8 మి.మీ. డ్రిల్, జీ 1/4 (పావు అంగుళం ప్యారలల్ పైపు మర) ట్యాప్.

చాలా మూతలు పగిలేది ఇక్కడే. న్యూమాటిక్ (గాలి పైపుల) సామాన్ల దుకాణంలో 1/4 హోస్ నిపుల్, అంటే పైపు తొడిగే ముక్క, అడిగితే మామూలుగా టేపర్ (కొసకు సన్నబడే) మరది ఇస్తారు. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించే కొద్దీ అది మేకులా అక్రిలిక్‌ని చీలుస్తుంది. అప్పుడే పగలకపోయినా వారానికి సన్నని గీత కనిపిస్తుంది. మర సమానంగా ఉండి, కింద ఓ-రింగ్ ఉన్న ప్యారలల్ నిపుల్ కావాలి, అది చేత్తో బిగించి పావు చుట్టు తిప్పితే చాలు. మూతను స్పిరిట్‌తోనో థిన్నర్‌తోనో తుడవకండి, రంధ్రాల చుట్టూ సాలెగూడు లాంటి పగుళ్లు లేస్తాయి. సబ్బునీళ్లే దానికి మందు.

బ్లాకు అడుగుని అద్దం పలక మీద 400, 800, 1200 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దండి. ముందు మార్కర్‌తో అడ్డం నిలువు గీతలు గీసుకోండి. పదిసార్లు రుద్దాక గీత ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం. ముక్కని పైనుంచి అదమకుండా నడుం దగ్గర పట్టుకుంటే అంచులు అరిగిపోవు.

పట్టుకునే ప్లేటు 3 మి.మీ. ఇనుపది. మధ్యలో నిపుళ్లకు 46 x 30 కిటికీ, బ్లాకు మరలకు 52 చదరంలో నాలుగు రంధ్రాలు, బోర్డు మరలకు బయట నాలుగు. ఆ బయటివి బోర్డు మీది ప్రాసెసర్ సాకెట్‌ని బట్టి మారతాయి: ఏఎండీ వాళ్ల ఏఎం4కి 54 x 90 మి.మీ., ఇంటెల్ ఎల్‌జీఏ 1700కి 78 చదరం, పాత ఎల్‌జీఏ 1200కి 75 చదరం. ఎం4 x 25 మరకి 1 మి.మీ. వాషర్ వేస్తే రాగిలోకి 9 మి.మీ. దిగి, అడుగున బయటికి పొడుచుకు రాదు. ఏఎం4 వెనక ప్లేటులో ఉన్నది 6-32 అనే అంగుళాల మర, మిల్లీమీటర్ల మర పట్టదు. పాత కూలర్ మరలు పారేయకండి. మూలకు మూల, పావు చుట్టు చొప్పున బిగించండి.

తొట్టి తేలిక. 2 అంగుళాల యూపీవీసీ పైపు 150 మి.మీ. ముక్క, రెండు మూతలు, లోపలా బయటా రబ్బరు వాషర్‌తో బిగించే ఇత్తడి నిపుళ్లు రెండు. తిరిగొచ్చే నీళ్లు మట్టం కింద పడాలి, పైనుంచి పడితే బుడగలు పోవు. సాల్వెంట్ సిమెంట్‌కి ఒకరోజు గడువివ్వండి.

పంపు కోసం కూలర్ పంపు వాడొద్దు. అది 230 వోల్టులది. కోఠి గుజరాతీ గల్లీలో 12 వోల్టుల, 4.8 వాట్ల, గంటకు 240 లీటర్ల బ్రష్‌లెస్ పంపు చాలు. ఆ 240 అనేది ఏ అడ్డూ లేనప్పటి సంఖ్య. లూప్‌లో (నీళ్లు తిరిగే మొత్తం దారిలో) అందులో పావు వంతు పారినా మనకు కావలసిన నిమిషానికి లీటరు వస్తుంది. ఇది నీళ్లను తానుగా పీల్చుకోలేదు, తొట్టి కన్నా కిందే ఉండాలి. పొడిగా తిప్పితే బేరింగు పోతుంది. పైపు 8 మి.మీ. లోపలి వ్యాసం. వేడినీళ్లలో ముంచి ఎక్కించి క్లిప్పు వేయండి.

నీళ్లు పోసే ముందు గాలి పరీక్ష. ఇంట్లో పాత బీపీ మిషన్ ఉంటే దాని చేతిపంపు, గడియారం లూప్‌కి తగిలించండి. మిగిలిన దారి మూసి గడియారం ముల్లు 200 చూపేదాకా గాలి కొట్టండి. పావుగంటలో ముల్లు కదలకపోతే నయం. దిగితే జాయింట్ల దగ్గర సబ్బునురగ రాయండి, బుడగ లేచిన చోటే లీకు. తర్వాత కంప్యూటర్ బయట, 12 వోల్టుల అడాప్టర్‌తో 24 గంటలు నీళ్లతో తిప్పండి. కింద న్యూస్‌పేపర్, ప్రతి జాయింట్ కింద టిష్యూ.

బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొర పడుతుంది. బ్యాటరీ నీళ్లు కొనండి. అదే దుకాణంలో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది కాబట్టి సీసా చూసుకోండి. పదో వంతు కారు కూలెంట్ కలిపితే తుప్పుకి అడ్డు. అది తియ్యగా ఉండే విషం, పిల్లలకీ కుక్కలకీ అందకూడదు.

బోర్డులో సీపీయూ ఫ్యాన్ పిన్నుకి రేడియేటర్ ఫ్యాన్ ఒకటి తగిలించండి, లేకపోతే ఆన్ చేయగానే ఎర్రర్ చూపిస్తుంది. పంపుని నేరుగా పవర్ సప్లై 12 వోల్టులకే ఇవ్వండి: పసుపు ప్లస్, నలుపు మైనస్. ఆరు నెలలకోసారి నీళ్లు మార్చండి. తీసిన నీళ్లు పచ్చగా, వాసనగా ఉంటే పాచి, పైపు మీద ఎండ పడుతోందని అర్థం. నీలిరంగుకి తిరిగితే రాగి కరుగుతోంది, కూలెంట్ తక్కువైంది. బూడిదరంగు మడ్డి కనిపిస్తే ఎక్కడో అల్యూమినియం ఉంది. మొదట నిపుళ్లు విప్పి చూడండి.