డెడ్‌లిఫ్ట్ ఎలా మొదలుపెట్టాలి? బరువులెత్తాలనుకునే ఆడవాళ్ళకి, పక్కన నిలబడే తోడుతో సహా

జిమ్‌లో చేరిన ఆడవాళ్ళని ట్రెడ్‌మిల్ ఎక్కించి, దిగాక చేతికి రెండు కిలోల గులాబీరంగు డంబెల్స్ ఇచ్చి, దానికి ‘టోనింగ్’ అని పేరు పెట్టడం ఇంకా నడుస్తూనే ఉంది. అది చాలనుకునేవాళ్ళకి ఈ వ్యాసంతో పని లేదు. బలం పెరగాలి, ఎత్తే బరువు నెలనెలా పెరగాలి అని గట్టిగా అనుకునేవాళ్ళ కోసం ఇది.

మొదలుపెట్టాల్సింది డెడ్‌లిఫ్ట్‌తో. నేల మీదున్న రాడ్‌ని పట్టుకుని నిటారుగా లేచి నిలబడాలి, అంతే. ముందు స్క్వాట్, అంటే భుజాల మీద రాడ్ పెట్టుకుని గుంజీలు తీయడం, నేర్చుకోమనేవాళ్ళు చాలామంది ఉన్నారు. సాయంత్రం ఆరింటికి ఏ జిమ్‌లో స్క్వాట్ ర్యాక్ ఖాళీగా దొరుకుతుందో వాళ్ళే చెప్పాలి. పైగా భుజాల మీద రాడ్ ఉండగా కింద ఇరుక్కుంటే కొత్తవాళ్ళు హడలిపోతారు. డెడ్‌లిఫ్ట్‌లో బరువు లేవకపోతే రాడ్ నేల మీదే ఉంటుంది, చేతులు వదిలేస్తే సరిపోతుంది.

ఇందులో ఒకటే చిక్కు. వంగినప్పుడు మీ వెన్ను ఎలా ఉందో మీకు తెలియదు. తిన్నగానే ఉందనిపిస్తుంది, చూస్తే విల్లులా ఉంటుంది. పక్కకి తిరిగి అద్దంలో చూద్దామంటే మెడ తిరుగుతుంది, మెడతోపాటు వెన్నూ మారుతుంది. అందుకే పక్కన నిలబడి చూసే ఇంకొకరు కావాలి. ప్రోత్సాహం సంగతి తర్వాత, ముందు కావాల్సింది ఒక జత కళ్ళు.

సామాన్లు

అడుగు పల్చగా, చదునుగా ఉన్న కాన్వాస్ బూట్లు వేసుకోండి. మెత్తటి స్పాంజి అడుగున్న రన్నింగ్ షూస్ వద్దు, మడమ అటూ ఇటూ ఊగుతుంది. రాడ్ పిక్కల ముందు ఎముకని రాసుకుంటూ వస్తుంది కాబట్టి పొడుగు ట్రాక్ ప్యాంట్ మంచిది. పట్టు జారకుండా చేతికి చాక్ పొడి, జిమ్ వాళ్ళు ఒప్పుకోకపోతే లిక్విడ్ చాక్. గ్లవ్స్ వద్దు, పట్టు లావై జారుతుంది. మీ ఒంటి బరువంత ఎత్తేదాకా నడుం బెల్టు ముట్టుకోవద్దు.

పోటీల్లో వాడే వెయిట్‌లిఫ్టింగ్ రాడ్‌లలో మగవాళ్ళది 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్ళది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. సన్నదాన్ని చిన్న చేతులు బాగా పట్టుకోగలవు, ఉంటే అదే తీసుకోండి. మన జిమ్‌లలో చాలా రాడ్‌లు ఈ రెండు లెక్కలకీ రావు. ఒకసారి వెయింగ్ మెషిన్ మీద నిలబెట్టి తూచి, ఆ అంకె రాసిపెట్టుకోండి.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. పోటీ ప్లేటు అడ్డంగా 45 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే రాడ్ నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. చిన్న ఇనుప ప్లేట్లు ఎక్కిస్తే రాడ్ దాదాపు చీలమండల దగ్గరికి దిగిపోతుంది. అంత కిందికి వెన్ను వంగకుండా వెళ్ళడం కొత్తవాళ్ళ వల్ల కాదు. రెండువైపులా ఖాళీ ప్లేట్లు పేర్చి, వాటి మీద పెట్టి, రాడ్‌ని పిక్క మధ్యకి తెచ్చుకోండి.

సొంతంగా కొనాల్సింది ఒకే ఒక్కటి, 1.25 కిలోల ప్లేట్ల జత. చాలాచోట్ల అతి చిన్న ప్లేటు 2.5 కిలోలు. రెండువైపులా వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. 40 ఎత్తే మనిషికి అది ఎనిమిదో వంతు, ఒక్కరోజులో పెరిగే బలం కాదది.

తోడు దొరకడం

జిమ్‌లో మంచి బట్టలు వేసుకున్నావిడ కోసం చూడకండి. చిన్న నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో తన బరువులు రాసుకుంటున్నావిడ ఎవరో చూడండి. దగ్గరికెళ్ళి, “అక్కా, నా సెట్ ఒక్కటి పక్కనుంచి చూస్తారా?” అని అడగండి. సెట్ అంటే విరామం లేకుండా వరసగా ఎత్తే ఒక విడత. ‘మనం పార్ట్‌నర్స్‌గా ఉందామా’ అంటే మొహమాటపడతారు గానీ ఒక్క సెట్ చూడమంటే కాదనేవాళ్ళు తక్కువ. మర్నాడు ఆవిడ సెట్ మీరు చూడండి.

జిమ్‌లో లేడీస్ టైమింగ్స్ ఉంటే ఆ వేళకి వెళ్ళండి, కానీ ఆ రెండు గంటలూ రాడ్‌లూ ప్లేట్లూ వాడనిస్తారా, లేక జుంబా పెట్టి హాలు మూసేస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. లేడీ ట్రైనర్ ఉంటే ఆవిడ ఎంత డెడ్‌లిఫ్ట్ చేస్తుందో కూడా అడగండి. అంకె చెప్పకుండా మాట తిప్పేస్తే, ఆవిడ దగ్గర స్ట్రెచింగ్ నేర్చుకోండి చాలు.

జిమ్‌లో ఎవరూ దొరక్కపోతే జిల్లా స్థాయి పవర్‌లిఫ్టింగ్, వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకి చూడ్డానికి వెళ్ళండి. వార్మప్ జరిగేచోట నిలబడితే ఎవరు ఎక్కడ సాధన చేస్తున్నారో తెలిసిపోతుంది. మనకి ఇది పరాయి విద్యేం కాదు. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది 2000లో సిడ్నీలో. అప్పుడే శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల ఒంటి బరువు విభాగంలో రెండు లిఫ్ట్‌లూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం వచ్చింది. బరువులెత్తితే మగాడిలా అయిపోతావనే పిన్నిగారికి ఈ విభాగాల అంకెలు చెప్పండి. ఆడవాళ్ళ ఒంట్లో టెస్టోస్టిరాన్ మగవాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ, కండలు వాటంతటవి పొంగిపోవు.

తోడు మీ అంత బలంగా ఉండాలని లేదు, టైం కుదరాలి. అయితే ఇద్దరి బరువులకీ మరీ తేడా ఉంటే ప్లేట్లు మార్చడంతోనే సరిపోతుంది. భర్తో తమ్ముడో తోడొస్తానంటే సంతోషమే, కానీ రెండో వారానికి మీ సెట్ల మధ్య విరామంలో ఆయన ఛాతీ వ్యాయామం మొదలుపెడతాడు, మిమ్మల్ని చూసేవాళ్ళుండరు. ఆడవాళ్ళే మేలు.

తుంటి మడత

అసలు పని ఇది, ఇక్కడ తొందరపడకండి. పాడైన డెడ్‌లిఫ్ట్‌లన్నీ దాదాపు ఇక్కడే పాడవుతాయి.

పొట్టి చీపురుతో ఇల్లు ఊడ్చి, కింద కూర్చుని కూరలు తరిగిన ఒంటికి ‘వంగు’ అంటే నడుం దగ్గర గుండ్రంగా వంగడమే అలవాటు. డెడ్‌లిఫ్ట్‌లో మడత పడాల్సింది తుంటి కీలు దగ్గర. నడుం కదలకూడదు.

గోడ వైపు వీపు తిప్పి, మడమలు గోడకి జానెడు దూరంలో ఉంచి నిలబడండి. పాదాల మధ్య తుంటి వెడల్పు. మోకాళ్ళు కాస్త సడలించి, పిర్రలని వెనక్కి పంపి గోడకి తాకించండి. రెండు చేతుల్లో పాలగిన్నె పట్టుకుని ఫ్రిజ్ తలుపుని వెనకనించి నెట్టి మూసినట్టు. ఛాతీ దానంతటది కిందికొస్తుంది, మీరు దించకండి. తాకాక రెండు వేళ్ళంత ముందుకి జరిగి మళ్ళీ చేయండి. పడిపోకుండా తాకగలిగినంత దూరం దొరికేదాకా జరుగుతూ ఉండండి. అక్కడ పదిసార్లు చేయండి.

తొడల వెనక కండరాలు లాగుతున్నట్టుంటే సరిగ్గా చేస్తున్నట్టు. నడుం లాగితే తప్పు. మోకాళ్ళు ముందుకొచ్చి పిర్రలు కిందికి దిగితే మీరు గుంజీలు తీస్తున్నట్టు లెక్క.

ఇప్పుడు తోడు కావాలి. మాప్ కర్ర ఒకటి తీసుకుని నిలువుగా వీపుకి ఆనించండి. తల వెనక, రెండు రెక్కల ఎముకల మధ్య, తోకఎముక దగ్గర, మూడుచోట్ల తగలాలి. ఒక చెయ్యి మెడ వెనకనించి, రెండోది నడుం వెనకనించి కర్రని పట్టుకోవాలి. ఇదివరకటిలాగే మడవండి. పక్కన నిలబడ్డావిడ చూడాల్సింది ఏ చోట కర్ర ముందు విడిపోయింది అన్నదే. తోకఎముక దగ్గర విడిపోతే నడుం గుండ్రమైంది. తల దగ్గర విడిపోతే గడ్డం ఛాతీకి అంటుతోంది. నడుం వంపుకీ కర్రకీ మధ్య అరచెయ్యి మందం సందు ఉండాలి, పిడికిలి పడితే మరీ విరిచేస్తున్నారని. ‘ఛాతీ ముందుకు! ఛాతీ ముందుకు!’ అని అరిచే ట్రైనర్ల పుణ్యమే ఈ విరుపు. చూపు అద్దం మీద వద్దు. రెండు మీటర్ల ముందు నేల మీద పెట్టండి.

రెండో సంగతి ఊపిరి. ‘పొట్ట లోపలికి పీల్చుకో’ అని చిన్నప్పటినించీ విన్న మాటని ఇక్కడ మర్చిపోవాలి. తోడు మీ నడుం రెండువైపులా వేళ్ళు పెడుతుంది. మీరు పొట్టలోకి ఊపిరి తీసి ఆ వేళ్ళని బయటికి నెట్టాలి, ముందుకి మాత్రమే ఉబ్బితే చాలదు, పక్కలకీ వెనక్కీ నెట్టాలి. ఆ బిగువు వదలకుండా మడవాలి, లేవాలి, పైకొచ్చాకే ఊపిరి వదలాలి. రక్తపోటు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు, కొత్తగా ప్రసవమైనవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు. బరువెత్తేటప్పుడు కొందరికి మూత్రం చుక్కలుగా పడుతుంది. సిగ్గుపడి మానేయకండి. బరువు తగ్గించి, లేస్తూ ఊపిరి వదలండి, కటి కండరాలు చూసే ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి.

కర్రతో వరసగా మూడు రోజులు, రోజుకి మూడు పదులు, ఎక్కడా విడిపోకుండా వచ్చాకే రాడ్ దగ్గరికి వెళ్ళాలి. మొదటిరోజే నలభై ఎత్తించి వీడియో తీసే జిమ్‌లకి ఇది నచ్చదు. నడుం పట్టేసి నెల రోజులు మంచం దిగకపోతే ఆ వీడియో ఏం చేసుకుంటారు?

రాడ్ దగ్గర

బూటు లేసుల ముడి మీదుగా రాడ్ వచ్చేలా నిలబడండి. పిక్క ముందు ఎముకకీ రాడ్‌కీ మధ్య రెండు వేళ్ళ సందు. పిర్రలు వెనక్కి పంపి, కాళ్ళకి కాస్త బయటగా రాడ్ పట్టుకోండి, దాన్ని మాత్రం కదపకండి. ఆ ఎముక రాడ్‌కి తగిలేదాకా మోకాళ్ళు ముందుకి తెచ్చి, అక్కడ ఆపండి. చంకలో చేతిరుమాలు పెట్టినా జారనంత బిగించండి. ఊపిరి తీయండి. రాడ్‌ని మెల్లగా పైకి లాగితే ప్లేట్ల కన్నంలో ‘టక్’ మంటుంది. ఆ చప్పుడు వినకుండా ఎవరూ లేవకూడదు. ఒక్కసారిగా గుంజితేనే నడుం పట్టేస్తుంది.

చప్పుడు విన్నాక పాదాలతో నేలని నొక్కుతూ లేవండి. రాడ్ కాళ్ళని రాసుకుంటూ రావాలి. నిటారుగా నిలబడితే అయిపోయినట్టే, వెనక్కి వాలక్కర్లేదు. దించేటప్పుడు ముందు పిర్రలు వెనక్కి, రాడ్ మోకాళ్ళు దాటాకే మోకాళ్ళు వంచాలి. నేలకి తగిలిన ఊపుతో మళ్ళీ లేపొద్దు. పూర్తిగా ఆపి, ఊపిరి తీసుకుని, మొదటినించీ.

తోడు పక్కకి నిలబడి మూడే చూడాలి: రాడ్ కాళ్ళకి దూరమైందా, మొదట్లో ఉన్న వెన్ను మధ్యలో మారిందా, రాడ్ కంటే ముందు పిర్రలు లేచాయా. సెట్ అయ్యాక వాటిలో ఒక్కటే చెప్పాలి. ఒకేసారి నాలుగు చెప్తే ఒక్కటీ ఎక్కదు. వెన్ను మారితే మాత్రం సెట్ మధ్యలోనే “దించు” అనాలి. ఆ మాటకి ఎదురుచెప్పకుండా దించి, బరువు పదోవంతు తగ్గించండి. ఫోన్‌తో తీస్తే తుంటి ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి తీయండి. ముందునుంచి తీసిన వీడియో ఎందుకూ పనికిరాదు.

ఎంత, ఎన్నిసార్లు

రాడ్‌తో కలిపి 25 కిలోలతో మొదలు. ఐదేసిసార్లు మూడు సెట్లు, మధ్యలో మూడు నిమిషాల విరామం. వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల ఖాళీ. మూడు సెట్లూ శుభ్రంగా వస్తే మళ్ళీసారికి 2.5 కిలోలు పెంచండి. ఎక్కడా ఆగకపోతే ఎనిమిదో వారం చివరికి 62.5 అవుతుంది. చాలామందికి మధ్యలో ఎక్కడో ఆగుతుంది. ఒకే బరువు దగ్గర రెండుసార్లు ఆగిపోతే పదోవంతు తగ్గించి మళ్ళీ ఎక్కండి. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే చేయండి, లేకపోతే మానేయండి. మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి.

తిండి లేకుండా బలం రాదు. అరవై కిలోల మనిషికి రోజుకి తొంభై, వంద గ్రాముల మధ్య ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి, వంద గ్రాముల పొడి మీల్ మేకర్‌లో యాభై. అన్నం మీద రెండు గరిటెల పల్చటి పప్పుచారు పోసుకుని ప్రొటీన్ తింటున్నామనుకోకండి.

వాట్సాప్ గ్రూప్ పెట్టుకుంటే అందులో తేదీ, బరువు, ఎన్నిసార్లు, పక్కనుంచి తీసిన వీడియో, ఇంతే ఉండాలి. గుడ్ మార్నింగ్ పువ్వులు వద్దు. ఎవరి ఒంటి బరువు గురించీ, నడుం కొలత గురించీ మాట రాకూడదు. వీడియో గ్రూప్ దాటి వెళ్తే పంపినావిడని తీసేయండి, రెండో అవకాశం లేదు.

ఇద్దరితో ఆగొద్దు. ఒకరికి బదిలీ అయినా, పిల్లల పరీక్షలొచ్చినా రెండో మనిషి కూడా వారంలో మానేస్తుంది. మూడో ఆవిడని మొదటి నెలలోనే కలుపుకోండి. వచ్చినావిడ ఎంత బలమైనదైనా, ఇదివరకు ఎక్కడ చేసినా, ముందు గోడ దగ్గర నిలబెట్టి మాప్ కర్ర చేతికివ్వండి.