శిథిల కోటను చదవడం – 4వ పాఠం: బరువు ఎటు దిగుతోంది?

మూడవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చిన్నదే. తిరుపతి దగ్గరి చంద్రగిరి కోటలో రాజమహల్ అనే పాత రాజభవనం ఎదుట నిలబడి, ఆ కట్టడం ఏ కాలానిదో, ఏ ఆనవాలును బట్టి అలా అనుకున్నారో నాలుగు వాక్యాలలో రాయమన్నాను. వచ్చిన జవాబులలో సగానికి పైగా ‘క్రీ.శ. 1000’ అని ఒక్క ముక్కలో తేల్చేశాయి. మిగిలినవారిలో చాలామంది ‘ఇండో-సారసెనిక్ శైలి’ అని రాసి కలం మూసేశారు. ఆనవాలు చూపినవారు ముగ్గురే. ఇందులో కొంత తప్పు నాది. పోయిన పాఠంలో ‘కోట వయసు’ అన్న మాటను అజాగ్రత్తగా వాడాను. అందుకే ఈసారి చెప్పదలచుకున్న ఎగువ కోట సంగతి పక్కన పెట్టి, పడినచోటే లేద్దాం.

కోటకు ఒకే వయసు ఉండదు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులలో పాత ఇళ్లు చూడండి: తాత కట్టిన రాతి గోడ మీద తండ్రి మిద్దె వేస్తే, దాని మీద కొడుకు సిమెంటు గది లేపి ఉంటాడు. ఆ ఇంటి వయసెంత అంటే ఏమి చెబుతాం? చంద్రగిరి కూడా అలాంటిదే. క్రీ.శ. 1000 ప్రాంతంలో యాదవరాయలు ఇక్కడ కోట వేశారన్నది సంప్రదాయంగా వస్తున్న మాట. ఆ తరువాత విజయనగర రాజ్యంలో ఇది ముఖ్యమైన సీమకోట అయింది. 1485లో సింహాసనమెక్కిన సాళువ నరసింహుడు అంతకుముందు చంద్రగిరి నుంచి పాలించినవాడే. విజయనగరం ఓడిపోయిన 1565 తళ్లికోట యుద్ధం తరువాత రాజధాని పెనుగొండకు చేరి, రెండవ వేంకటపతిరాయల కాలంలో, 1592 ప్రాంతంలో చంద్రగిరికి వచ్చింది. 1639లో మద్రాసు తీరాన ఈస్టిండియా కంపెనీకి చోటిచ్చిన దామర్ల నాయకులు ఈ చంద్రగిరి రాజులకు సామంతులు. 1646 ప్రాంతంలో గోల్కొండ సేనలు, 1782లో హైదర్ అలీ దీనిని పట్టుకున్నారు. ఇన్ని చేతులు మారిన చోట ప్రతి గోడకూ విడిగా వయసు అడగాలి గాని, ద్వారం దగ్గర ఒక్కసారి అడిగి లోపలికి నడిచిపోకూడదు.

ఇక ‘ఇండో-సారసెనిక్’. ఈ మాట చూస్తే నాకు ఓపిక తగ్గుతుందని ముందే ఒప్పుకుంటున్నాను. పర్యాటక కరపత్రాలలో, వాటిని చూసి రాసిన వ్యాసాలలో ఇది రాజమహల్‌కు అంటుకుపోయింది. సారసెన్ అన్నది మధ్యయుగపు ఐరోపావారు అరబ్బులకు, ఆ తరువాత ముస్లింలందరికీ పెట్టిన పేరు. ఆ మాటను ముందు పెట్టుకుని పుట్టిన శైలి ఆంగ్లేయుల పాలనలో, ఆంగ్లేయ వాస్తుశిల్పులు గీసినది. దానికి అసలైన ఉదాహరణ కావాలంటే రైలెక్కి చెన్నై వెళ్లి, 1892లో ప్రారంభమైన హైకోర్టు భవనాన్ని చూడండి. అదీ చాలకపోతే 1912లో పూర్తయిన మైసూరు అంబా విలాస్ ప్యాలెస్ ఉంది. రాజమహల్ నాటికి ఆ ఊహే ఎవరికీ లేదు. తాతకు మనవడి ఇంటిపేరు పెట్టినట్టుంటుంది ఆ వర్ణన.

పేరు తప్పయితే పోనీ అనుకోవచ్చు; దానివల్ల చూపు కూడా తప్పుతుంది, నా కోపం అందుకే. ‘కమాను కనబడింది కనుక ముస్లింలు కట్టారు, శిఖరం కనబడింది కనుక హిందువులు కట్టారు, రెండూ కనబడ్డాయి కనుక మిశ్రమం’ అని ఇద్దరు పాఠకులు రాశారు. విజయనగర మేస్త్రీలు గుడికి ఒక పద్ధతి, మేడకు ఒక పద్ధతి పాటించారు. గుడిలో స్తంభం నిలిపి దాని మీద రాతి దూలం పరుస్తారు; మేడలలో బహమనీ, బీజాపూరు సుల్తానుల సీమలలో వాడుకలో ఉన్న కమానును, గుమ్మటాన్ని, ఇటుక సున్నాన్ని తీసుకుని, నెత్తిన మాత్రం గుడి విమానం పోలిక శిఖరాలు నిలిపారు. హంపీలో లోటస్ మహల్ చూసినవారికి ఇది కొత్త కాదు. ఏనుగుల శాల గుమ్మటాలు చూసినవారికి అసలే కాదు. అది ఆ రాజదర్బారు సొంత శైలి, దానిని అలాగే పిలుద్దాం. నా విద్యార్థులకు నేనిచ్చే సులువు ఏమిటంటే, మొదటి గంటలో ‘ఎవరు కట్టారు’ అన్న ప్రశ్నను నోట రానివ్వకండి. ‘బరువు ఎటు దిగుతోంది’ అని మాత్రమే అడగండి.

రాజమహల్ మూడంతస్తుల కట్టడం, కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేచింది. ‘కర్ర లేదు, ఎంత అద్భుతం!’ అని అందరూ అక్కడే ఆగిపోతారు. కర్ర లేకపోతే దూలం, వాసాలు లేవు. అవి లేనప్పుడు పై అంతస్తు నేలను మోసేది ఏది? రాతి దూలం నొక్కుడుకు ఓర్చుకుంటుంది గాని వంపుకు ఓర్చుకోదు, కనుక విశాలమైన గదికి అది చాలదు. అప్పుడు కమాను వస్తుంది. అది తన మీది బరువును రెండు పక్కలకూ మళ్లించి, కాళ్లను బయటికి తోస్తుంది. కమానులు వరుసగా ఉన్నప్పుడు ఒకదాని తోపును పక్కది ఎదురు తోపుతో ఆపుతుంది. చివరిదానికి మాత్రం పక్కన ఎవరూ ఉండరు. అందుచేత నేను ఎప్పుడూ ముఖద్వారం వదిలేసి భవనం మూలకు పోయి నిలబడతాను. కొస కమానును ఆనుకున్న గోడ మందం చూడండి. పైనున్న శిఖరాలను కూడా వట్టి అలంకారమనుకోకండి. గోడ నెత్తిన పడే ఎక్కువ బరువు ఆ పక్కతోపును నేలవైపు మళ్లిస్తుంది.

ఈ పని సాగడానికి సున్నం మంచిదై ఉండాలి. సున్నాన్ని ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే గానుగలో వెన్నలా నూరేవారు, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవారు. ఎక్కడైనా పూత రాలి ఇటుక బయటపడితే అక్కడ అయిదు నిమిషాలు కూర్చోండి. ఇటుకల మధ్య తెల్లని పొర ఎంత మందంగా ఉందో చూడండి. గోరుతో గీకవద్దు, అది రక్షిత కట్టడం.

బయటి ప్రాకారానికి వస్తే పద్ధతే వేరు. అక్కడ పెద్ద పెద్ద రాళ్లను సున్నం లేకుండా ఒకదాని ఒరలో ఒకటి ఇమిడ్చారు. కొన్ని రాళ్ల అంచున పలువరుసలాగా చిన్న చిన్న గుంటలు కనబడతాయి. బండను చీల్చడానికి మేకులు దిగ్గొట్టిన చోట్లు అవి. కందకం, కోటకొమ్మలు రెండవ పాఠంలో అయిపోయాయి, మళ్లీ చెప్పను. రాజమహల్ దగ్గరే ఉన్న రాణీమహల్ గురించి ఒక్క మాట: పేరును నమ్మకండి. కింది అంతస్తులో గోడలకంటే కమానులే ఎక్కువ, అది గుర్రపుశాల అయి ఉండవచ్చన్న వాదన ఉంది. రాణి ఉండే చోట తలుపులు ఎక్కడ బిగించేవారో మీరే వెతికి చూడండి.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. రాజమహల్‌ను నిలువునా చీల్చినట్టు ఊహించుకుని, శిఖరం కొస నుంచి నేల వరకు బరువు దిగే దారిని పెన్సిలుతో బాణాలుగా గీయండి. మూడంతస్తులూ రావాలి, కొస గోడ మందాన్ని అడుగులలో వేయాలి. ఫోటో చూసి గీస్తే నాకు తెలిసిపోతుంది, ఎందుకంటే ఫోటోలో గోడ మందం కనబడదు. బొమ్మ కింద పది వాక్యాలు రాయండి. వాటిలో ఏ రాజు పేరూ, ఏ శైలి పేరూ ఉండకూడదు. రాజమహల్‌లో ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని బయలుదేరండి. మూడు కమానుల దగ్గరే చిక్కుకుపోయినవారు ఆ మూడే పంపండి, అయిదవ పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.