ఇంటి వర్క్‌షాపుకు పవర్ సప్లై – 4వ పాఠం: సాయంత్రం వచ్చే హమ్మింగ్

గత పాఠంలో ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్ బ్రిడ్జి, ఫిల్టర్ కెపాసిటర్, 7812 రెగ్యులేటర్ (వోల్టేజీని 12 దగ్గర నిలకడగా ఉంచే చిప్) కలిపి 12 వోల్టుల సప్లై కట్టుకున్నాం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల పల్లెల్లో, కరెంటు లైను చివర ఇల్లు ఉన్నవారు దానిని పగలు పరీక్షించి బాగుందనుకుంటారు. దీపాలు పెట్టే వేళకు యాంప్లిఫయర్‌లో హమ్మింగ్ మొదలైతే రెగ్యులేటర్ పోయిందని కొత్తది కొంటారు. కొనే ముందు ఒక్కసారి లెక్క వేయండి.

7812 సరిగా పనిచేయాలంటే దాని ఇన్‌పుట్‌లో సుమారు 14 వోల్టులు ఎప్పుడూ ఉండాలి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ శిఖర వోల్టేజీ, అంటే ఏసీ అలలో అత్యధిక వోల్టేజీ, 12ను 1.414తో గుణిస్తే 17. బ్రిడ్జిలో రెండు డయోడ్లు 1.4 తినగా 15.6 మిగులుతుంది. సాయంత్రం వాడకం పెరిగి లైను చివర మెయిన్స్ (ఇంటికి వచ్చే కరెంటు) 230 నుంచి 190కి దిగితే ఆ 15.6 కాస్తా 12.6 అవుతుంది, ఇక రెగ్యులేటర్ చేయగలిగింది ఏమీ లేదు. పైగా 1 ఆంపియర్ లోడు మీద 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ రెండు శిఖరాల మధ్య 4 వోల్టులకు పైగా ఖాళీ అవుతుంది కనుక 230 ఉన్నప్పుడు కూడా ఈ అమరిక చాలదు. ఆ పల్లాలే సెకనుకు 100 సార్లు స్పీకరులో వినబడతాయి.

కాబట్టి 15 వోల్టులు, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, 4700 మైక్రోఫారడ్లు, 35 వోల్టుల కెపాసిటర్ ఎంచుకోండి. అప్పుడు 190 దగ్గర కూడా పల్లంలో 14 వోల్టులు నిలుస్తాయి. దీనికి మూల్యం వేడి: మెయిన్స్ నిండుగా ఉన్నప్పుడు రెగ్యులేటర్ మీద దాదాపు 7 వాట్లు పడతాయి, అందుచేత మంచి హీట్‌సింక్ తప్పనిసరి. 100 నుంచి 240 వోల్టులకు పనిచేసే ఎస్ఎంపీఎస్‌కు (స్విచింగ్ పద్ధతి పవర్ సప్లైకి) ఈ బాధ లేదు గాని, రేడియో రిసీవర్ల పనికి దాని స్విచింగ్ రొద వల్ల నేను దానిని సిఫారసు చేయను.

పరీక్షకు బైకు ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల, 10 వాట్ల బల్బు చాలు. అది సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది. సప్లై అవుట్‌పుట్‌కు కలిపిన బల్బు వెలుగుతుండగా, 7812 ఇన్‌పుట్ కాలికీ గ్రౌండ్‌కూ మధ్య డీసీ వోల్టేజీని మీటర్‌తో కొలవండి. 7812 మీది అక్షరాలు మీ వైపు ఉండేలా చూస్తే ఎడమ కాలు ఇన్‌పుట్, నడిమిది గ్రౌండ్, కుడిది అవుట్‌పుట్. మీటర్ డీసీలో సగటునే చూపుతుంది, పల్లాన్ని చూపదు; అందువల్ల ఇన్‌పుట్ కాలి మీద 15 కనబడినా అది చాలినట్టు కాదు, కనీసం 16 చూడాలి. ఈ కొలత మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడింటికి మరోసారి తీసి, అదే సమయంలో ప్లగ్ దగ్గరి మెయిన్స్ వోల్టేజీని కూడా పక్కనే రాసుకోండి. 5వ పాఠంలో ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు (వేర్వేరు వోల్టేజీలకు చుట్ట నుంచి తీసిన తీగ కొసలు) మార్చడానికి ఆ అంకెలే కావాలి.