యుద్ధం ఫొటోల ఎగ్జిబిషన్ ఎలా చూడాలి: ఒక పాత డెస్కు మనిషి సలహాలు

ఏప్రిల్, మే నెలల్లో పిల్లల దగ్గరికి నెదర్లాండ్స్ వచ్చే మన అమ్మానాన్నలకి చూడాల్సినవాటి లిస్టు ముందే తయారుగా ఉంటుంది. క్యూకెన్‌హాఫ్‌లో ట్యూలిప్ పూలు, గాలిమరలు, కాలవల్లో పడవ షికారు. దానికి ఇంకొకటి కలపమంటాను: ఆమ్‌స్టర్‌డామ్ డామ్ స్క్వేర్‌లో రాజభవనం పక్కనే ఉన్న న్యూవ కెర్క్ అనే పాత చర్చిలో జరిగే వరల్డ్ ప్రెస్ ఫొటో ఎగ్జిబిషన్. 1955లో కొందరు డచ్ ఫొటోగ్రాఫర్లు మొదలుపెట్టిన వార్తా ఫొటోల పోటీ ఇది. గెలిచిన ఫొటోలను ఏటా ఇక్కడా, ఇంకా ఎన్నో దేశాల్లోనూ ప్రదర్శిస్తారు. గాజా, ఉక్రెయిన్ లాంటి చోట్ల తీసినవి తప్పకుండా ఉంటాయి. "సెలవులకొచ్చి ఆ ఏడుపెందుకమ్మా" అంటాడు మా అబ్బాయి. వాడు వాడి మాట అన్నాడు, నేను మాత్రం వెళ్ళాను. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో రిటైరయ్యేదాకా నా పని వార్తా ఏజెన్సీలు పంపే ఫొటోలు ఎంచడం, వాటికి రైటప్‌లు, అంటే ఫొటో కింద వేసే వివరం, రాయడం. అందుకే ఫొటో కంటే దాని కింద రాసిందాని మీదే నాకు మమకారం ఎక్కువ. కింది సలహాల్లో ఆ పక్షపాతం కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందు వెళ్ళే సంగతి. తేదీలు ఏటా మారుతుంటాయి, వెబ్‌సైట్లో చూసుకుని టికెట్ ఆన్‌లైన్‌లోనే కొనుక్కోండి. మన వాళ్ళు ఎక్కువగా ఉండే ఆమ్‌స్టెల్‌వీన్ నుంచైతే 25 నంబరు ట్రామ్‌లో జుయిడ్ స్టేషన్‌కి వచ్చి, 52 మెట్రో ఎక్కి, రోకిన్‌లో దిగితే నడిచిపోవచ్చు. శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజు, తలుపులు తీసే వేళకి వెళ్ళండి. జనం వెనక నిలబడి మునివేళ్ళ మీద లేచి చూసే ఫొటోలు కావు ఇవి. ఇంకో మాట, టిఫిన్ చేసి వెళ్ళండి. ఖాళీ కడుపుతో చూస్తే కళ్ళు తిరుగుతాయి.

లోపలికి వెళ్ళాక అన్నీ చూసేయాలన్న ఆరాటం పెట్టుకోకండి. 2022 నుంచి ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి బహుమతులిస్తున్నారు. కాబట్టి యుద్ధాలతో పాటు వరదలు, వలసలు, ఎన్నికలు, ఇళ్ళలోని కథలు కూడా ఉంటాయి. మొదట రైటప్‌లు చదవకుండా గబగబా ఒక చుట్టు చుట్టి రండి. ఏ ఫొటో దగ్గర కాలు ఆగిందో గుర్తుపెట్టుకోండి. అలాంటివి అయిదారు దొరికితే చాలు, రెండో చుట్టులో వాటి దగ్గరికే వెళ్ళండి. మిగతావి వదిలేస్తే పాపమేమీ లేదు. డెస్కులో మేము కూడా అలాగే ఎంచేవాళ్ళం.

రెండో చుట్టులో ముందు ఫొటో, తర్వాత రైటప్, మళ్ళీ ఫొటో. ఈ వరస మార్చకండి. ఒక ఉదాహరణ చెప్తాను. 2023లో ఉత్తమ ఫొటోగా ఎంపికైంది ఉక్రెయిన్ ఫొటోగ్రాఫర్ యెవ్హెన్ మలోలెత్కా తీసింది. అంతా బూడిదరంగు. కూలిన గోడలు, మోడుబారిన చెట్లు, పొగ. ఆ మధ్యలో కొందరు మగవాళ్ళు స్ట్రెచర్ మీద ఒక గర్భిణిని మోసుకొస్తుంటారు. ఆమె కింద పరిచింది నల్ల చుక్కల ఎర్ర దుప్పటి, ఫొటో మొత్తానికి కంటికి కొట్టే రంగు అదొక్కటే. కన్ను ముందు దాని మీదికే పోతుంది. అక్కడ ఆగకుండా ఆమె చెయ్యి ఎక్కడుందో చూడండి: పొట్ట కింది భాగం మీద. మోసేవాళ్ళ కాళ్ళ కింద నేల ఎలా ఉందో చూడండి. ఇంత చూశాక రైటప్ చదవండి. 2022 మార్చి 9న మరియుపోల్‌లో ప్రసూతి ఆస్పత్రి మీద రష్యా వైమానిక దాడి చేసిందనీ, బిడ్డ చనిపోయి పుట్టిందనీ, అరగంట తర్వాత తల్లి కూడా పోయిందనీ ఉంటుంది. ఆమె పేరూ వయసూ అక్కడే ఉంటాయి. ఇప్పుడు తలెత్తి మళ్ళీ ఆ చేతిని చూడండి. నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు.

పేపర్లో రెండు కాలమ్‌ల ఫొటోకి దక్కేది ఒక లైను రైటప్. ఎగ్జిబిషన్‌లో పేరాలకి పేరాలు రాస్తారు, ఆ భాగ్యాన్ని వాడుకోండి. రైటప్‌లో నేను వెతికేవి ఇవి: ఫొటోలో ఉన్నది ఎవరు, తీసింది ఎక్కడ, ఘటన జరిగిన రోజూ ఫొటో తీసిన రోజూ ఒకటేనా, ఆ తర్వాత ఏమైంది. 2025 విజేత చూడండి. తొమ్మిదేళ్ళ పిల్లాడు, పక్కనుంచి మెత్తటి వెలుతురు, రెండు చేతులూ లేవు. గాజాలో జరిగిన దాడిలో పోయాయి. కానీ ఫొటో తీసింది దోహాలో. తీసిన సమర్ అబూ ఎలూఫ్ కూడా గాజా మనిషే. 2023 డిసెంబరులో అక్కణ్ణుంచి బయటపడి, ఫొటో తీసేనాటికి ఆ పిల్లాడుండే అపార్ట్‌మెంట్ సముదాయంలోనే ఉంటున్నారు. ఎక్కడా బాంబు లేదు, పొగ లేదు. రైటప్ చదవకపోతే ఇది ఏ యుద్ధమో కూడా తెలియదు.

తీసింది ఊరివాళ్ళా, బయటినుంచి వచ్చినవాళ్ళా అనేది కూడా గమనించండి. బయటి దేశాల విలేకరులు గాజాలోకి సొంతంగా వెళ్ళే వీల్లేకపోయింది. అందుకే 2024 విజేత మొహమ్మద్ సలేం లాంటి అక్కడివాళ్ళే తమ ఊరి చావులు తామే తీశారు. బయటినుంచి వెళ్ళినవాళ్ళలో మన డానిష్ సిద్దిఖీ ఉన్నాడు. 2017లో రోహింగ్యా మహిళ ఒకామె పడవలో బంగాళాఖాతం దాటొచ్చి, ఒడ్డున ఇసుకని చేత్తో తాకుతున్న ఫొటో ఆయనదే. రోహింగ్యాల ఫొటోలకి రాయిటర్స్ వార్తాసంస్థ బృందంతో కలిసి 2018లో పులిట్జర్ అందుకున్నాడు. 2021 జులైలో అఫ్గానిస్తాన్‌లోని స్పిన్ బోల్డక్‌లో విధుల్లో ఉండగానే చనిపోయాడు.

"ఇవన్నీ నిజమేనా, కంప్యూటర్లో చేసినవేమో" అని మా ఆయన ప్రతిసారీ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఈ పోటీలో చివరి దశకి వచ్చిన ఫొటోలకి కెమెరాలోంచి వచ్చిన ఒరిజినల్ ఫైల్ అడిగి పోల్చి చూస్తారు. 2015లో ఫైనల్ ముందు రౌండుకి చేరినవాటిలో 20 శాతం ఇలా పక్కకి పోయాయి. అదే ఏడాది బెల్జియంలోని షార్లరువా నగరం మీద తీసిన సిరీస్‌కి ఇచ్చిన మొదటి బహుమతి వెనక్కి తీసుకున్నారు. అందులో ఒక ఫొటో నిజానికి బ్రసెల్స్‌లోని మోలెన్‌బీక్‌లో తీసింది. రైటప్‌లో ఊరు తప్పు! ఇది విన్నప్పుడు ఒక రైటప్‌ల మనిషిగా నాకెంత ఆనందమేసిందో చెప్పలేను.

తీసినవాళ్ళ పేరు మీద కూడా తగాదాలుంటాయి. 1972లో వియత్నాంలో నాపామ్ అనే మంటల బాంబుకి ఒళ్ళు కాలి పరుగెత్తుతున్న పాప ఫొటోకి నిక్ ఉట్ పేరే అందరికీ తెలుసు. సందేహాలు రావడంతో 2025 మేలో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ ఆ పేరుని పక్కన పెట్టింది. ఏపీ మాత్రం ఉంచింది. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు లెండి, ఆ ఫొటోని ప్రపంచానికి పంపిన వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్.

ఫొటో నిజమైనా మొత్తం చెప్పదు. 1968లో సైగాన్ వీధిలో పోలీసు అధిపతి ఒక ఖైదీ కణతకి గురిపెట్టి కాల్చిన ఫొటో తీసిన ఎడ్డీ ఆడమ్స్, ఫొటోలు చెప్పేది సగం నిజమేనని తర్వాత తనే రాశాడు. "దీనికి ముందేం జరిగింది" అని రైటప్‌ని అడగండి. దొరక్కపోతే ఫోన్‌లో నోట్ చేసుకుని ఇంటికెళ్ళాక వెతకండి.

ఫోన్‌ని అంతవరకే వాడండి. ఫొటోల ముందు సెల్ఫీలు దిగేవాళ్ళని చూశాను. చెప్పడానికి నాకే సిగ్గు. పిల్లలతో వెళ్తే మీరొక్కరు ముందు ఒక చుట్టు తిరిగొచ్చి, ఏవి చూపించాలో ఎంచుకోండి. ఎనిమిదేళ్ళ మనవణ్ణి నేను తీసుకెళ్ళను. పదమూడు, పద్నాలుగు దాటినవాళ్ళని తీసుకెళ్ళి, వాళ్ళడిగినదానికే జవాబు చెప్తాను. బరువనిపిస్తే వెంటనే బయటికి రావొద్దు, కాసేపు చర్చిని చూడండి. 1676లో యుద్ధంలో తగిలిన గాయాలతో పోయిన నౌకాదళ నాయకుడు మిఖీల్ డి రైటర్ పాలరాతి సమాధి అక్కడే ఉంది. ఒక దేశం తన యుద్ధాన్ని ఎంత నున్నగా చెక్కుకుంటుందో కనిపిస్తుంది.

ఇంత దూరం రాలేనివాళ్ళకి వరల్డ్ ప్రెస్ ఫొటో వెబ్‌సైట్లో 1955 నుంచీ గెలిచినవన్నీ ఉచితంగానే ఉన్నాయి. ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద, రోజుకో రెండు చూడండి. ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్ళకి ఆగస్టు చివర్లో మొదలయ్యే పెర్పిన్యాన్ ఫొటో పండగ, అక్టోబరులో బయూలో యుద్ధ విలేకరుల బహుమతుల ఎగ్జిబిషన్లు ఉన్నాయి. రెండుచోట్లా ఎగ్జిబిషన్లకి టికెట్ లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ ఎప్పుడో కనుక్కుని వెళ్ళండి. అక్కడా ఇదే వరస: ఫొటో, రైటప్, మళ్ళీ ఫొటో.