మండీలు తెరిచేలోపు పాత ప్రోగ్రామ్‌లో చెయ్యి పెడుతున్నారా? ఇది చదివి పెట్టండి

పోయిన వారం మా రాయగడ దగ్గర ఒక వ్యాపారి గోదాంలో జరిగింది. ఎప్పటిదో పాత జావా ప్రోగ్రామ్, ధాన్యానికో క్లాసు (ఆ సరుకు లెక్కలుండే కోడ్ ముక్క), పత్తికో క్లాసు. రెండిట్లోనూ బరువు లెక్కగట్టే మెథడ్ (క్లాసులో ఒక పని చేసే భాగం) ఒకేలా కనిపించేసరికి కొత్తగా చేరిన కుర్రాడు పత్తి క్లాసులోదాన్ని పేరెంట్ క్లాసులోకి, అంటే రెండూ వాడుకునే ఉమ్మడి క్లాసులోకి ఎత్తేశాడు. కానీ పత్తి క్లాసు ప్రతి బోరా (మూట) బరువునీ విడిగా పూర్తి కిలోలకు రౌండ్ చేస్తుంది, ధాన్యం క్లాసు బస్తాలన్నీ కూడాక ఒకేసారి చేస్తుంది. 50.4 కిలోల ధాన్యం బస్తాలు 40 తెచ్చిన రైతుకి 2016 కిలోలు రావాల్సిన చీటీ మీద 2000 పడింది. ఆయన వేళ్ల మీద లెక్క వేసుకుని వెనక్కి రాబట్టి బయటపడింది, లేదంటే సీజనంతా అలాగే నడిచిపోయేది.

బ్యాకప్, గిట్ (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) సంగతి మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: పాత కోడ్ ఇప్పుడు ఏం జవాబిస్తోందో పట్టి పెట్టుకోకుండా ఒక్క లైనూ మార్చకండి. పోయిన సీజన్ అసలు చీటీలు ఓ రెండొందలు పాత ప్రోగ్రామ్‌కి ఇచ్చి, వచ్చిన అంకెలు ఫైల్లో దాచుకోండి, మార్పు చేసిన ప్రతిసారీ దానితో పోల్చండి. జవాబు తప్పనిపించినా అలాగే దాచండి, ఎందుకంటే ఆ తప్పుని గుమాస్తా ఏళ్లుగా తన ఖాతాలో సర్దుకుంటూ ఉండొచ్చు. ఆయన్ని అడిగి తర్వాత విడిగా సరిచేయండి.

పేరెంట్ క్లాసు ముట్టుకునే ముందు దాని పిల్ల క్లాసులన్నీ తెరిచి, ఏ క్లాసు ఏ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసిందో, అంటే పేరెంట్‌ది వదిలి తన సొంతది పెట్టుకుందో చూడండి. ఎవరూ పిలవడం లేదనిపించిన క్లాసుని తీసేయకండి, దాని పేరు ఏ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లోనో ఉండి రన్ అయ్యేటప్పుడు లోడ్ అవుతూ ఉండొచ్చు. పాత ఫ్లాగ్‌ని (ఒక పనిని ఆన్, ఆఫ్ చేసే గుర్తుని) కొత్త పనికి వాడకండి: 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార కంపెనీ అదే చేసింది, ఎనిమిది సర్వర్లలో ఒకదానిలో పాత కోడ్ మిగిలిపోయి సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. కామెంట్లు నమ్మకండి, కోడ్ నడిపి చూడండి. పేరు మార్పు, లెక్క మార్పు ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారి దాచే మార్పులో) వద్దు. మొత్తం తిరగరాసేద్దాం అనే మాట సీజన్ ముందు ఎత్తకండి. రెండు మెథడ్‌లు ఒకేలా ఉన్నాయని కలిపేయకండి, ముందు చీటీలు నడపండి. చీటీలు నడపకుండా శుక్రవారం సాయంత్రమే కాదు, ఏ రోజూ అప్‌డేట్ పెట్టకండి. మండీ తెరిచే ముందు వారం నుంచి కోడ్ ముట్టుకోకండి.