పాత తెరచాప పడవ: చిలుము పట్టిన అల్యూమినియం ఫిట్టింగులు బాగుచేసుకోవడం

తాళ్లు కట్టే క్లీట్లు, రెయిలింగ్ స్తంభాల అడుగు దిమ్మలు, మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) కూర్చునే పీఠం, కిటికీ ఫ్రేములు. ఉప్పుగాలిలో ఏళ్లు గడిచాక ఇవన్నీ మసకబారి, చేత్తో తుడిస్తే తెల్లపొడి అంటుకుంటుంది. చూడగానే పాలిష్ డబ్బా అందుకోవాలనిపిస్తుంది. కాసేపు ఆగండి. పైన కనిపించే మసక వల్ల ఫిట్టింగు పాడైపోదు. స్టెయిన్‌లెస్ స్క్రూ అల్యూమినియాన్ని తాకే చోట లోపల జరిగేదే దాన్ని తినేస్తుంది. ఉప్పునీరు చేరిందంటే ఆ రెండు లోహాలూ చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో కరిగేది అల్యూమినియమే. స్క్రూ తల చుట్టూ పెయింట్ పొంగి, గోటితో గీకితే తెల్లపొడి రాలుతోందంటే లోపల ఆ పని సాగుతోందనే అర్థం. విప్పకుండా పైపైన మెరిపిస్తే శ్రమంతా దండగ.

ముందు తేల్చుకోవాల్సింది యానోడైజింగ్ పొర (కరెంటు పంపి అల్యూమినియం మీద పెంచే గట్టి ఆక్సైడ్ రక్షణపొర) మిగిలుందా లేదా అని. మల్టీమీటర్‌ని బీప్ కొట్టే సెట్టింగులో పెట్టి, శుభ్రంగా తుడిచిన చోట రెండు మొనలనూ సెంటీమీటర్ దూరంలో గుచ్చకుండా ఆనించండి. ఆ పొర గుండా కరెంటు పోదు కాబట్టి బీప్ రాలేదంటే పొర ఉన్నట్టే. వచ్చిందంటే అక్కడ ఒట్టి లోహమే. నాలుగైదు చోట్ల చూడండి, తాడు రాసుకునే చోట పొర ముందే అరిగిపోయి ఉంటుంది. పొర బాగుంటే దాని జోలికి ఎమెరీ పేపర్ తీసుకెళ్లొద్దు. దాని మందం సాధారణంగా 10 నుంచి 25 మైక్రాన్లు మాత్రమే, నాలుగు రుద్దులకి పోతుంది. మంచినీళ్లు, గిన్నెల సబ్బు, నైలాన్ బ్రష్, ఆరాక వాక్స్. దానికి అంతే చాలు.

పొర పోయినవాటిని విప్పాల్సిందే. అసలు కష్టం ఇక్కడే. చిలుము తను తిన్న లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే స్క్రూ మరల్లో బిగుసుకుని కదలదు. డెక్ (పడవ పైతలం) మీద బోల్టులతో ఉన్న ఫిట్టింగైతే పైనుంచి స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టకండి. కింద నట్లు విప్పి, బోల్టులతో సహా ఫిట్టింగుని పైకి లేపి బల్ల మీదకి తెచ్చుకోండి. ఫైబర్‌గ్లాస్ డెక్ రెజిన్ నీళ్లు మరిగే వేడికి కూడా తట్టుకోలేదు కాబట్టి అక్కడే హీట్ గన్ పెడితే డెక్కే పాడవుతుంది.

బల్ల మీద పెట్టాక స్క్రూ మరల చుట్టూ పెనెట్రేటింగ్ ఆయిల్ (సన్నటి సందుల్లోకి దిగే నూనె) పోసి ఒక రాత్రి వదిలేయండి. తర్వాత స్క్రూ తల మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తే లోపలి చిలుము పగిలి నూనె దిగుతుంది. అయినా కదలకపోతే నూనె పూర్తిగా తుడిచేసి (లేకపోతే మంట అంటుకుంటుంది) వేడి పెట్టండి. వేడి స్క్రూకి కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియానికి తగలాలి. ఒకే వేడికి స్టెయిన్‌లెస్ కంటే అల్యూమినియం దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది, రంధ్రం కొంచెం వదులవుతుంది. నీటిబొట్టు వేస్తే చుయ్‌మని ఆవిరైపోయేంత వేడి చాలు. 200 డిగ్రీలు దాటితే గట్టిదనం కోసం హీట్ ట్రీట్ చేసిన అల్యూమినియం బలం కోల్పోతుంది. ఇప్పుడు తలకి సరిగ్గా సరిపోయే బిట్‌తో, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. మొదటి దెబ్బ బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. కాస్త కదలగానే ఒక్క ఊపున లాగేయకుండా పావు చుట్టు ముందుకీ వెనక్కీ తిప్పుతూ, చల్లారాక మళ్లీ నూనె వేస్తూ రండి. తొందరపడితే తల తెగుతుంది. అప్పుడు డ్రిల్ వేయాలి, డ్రిల్ బిట్టేమో గట్టి స్టెయిన్‌లెస్ మీద నిలవక పక్కనున్న మెత్తటి అల్యూమినియంలోకి జారుతుంది.

శుభ్రం చేసేటప్పుడు ఇనుప బ్రష్, స్టీల్ ఊల్ వద్దు. వాటి రజను అల్యూమినియంలో దిగబడి తుప్పు పట్టి కొత్త గుంటలకి కారణమవుతుంది. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు అల్యూమినియాన్నే కరిగించి హైడ్రోజన్ వాయువు వదులుతాయి, వాటినీ దూరం పెట్టండి. 240 నంబరు వాటర్ పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ నునుపు) మొదలుపెట్టి 400, మెరుపు కావాలంటే 600, 1000. పాత పెయింట్ కింద పసుపుపచ్చ ప్రైమర్ కనిపిస్తే అందులో జింక్ క్రోమేట్ ఉండొచ్చు. అది విషం. పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దండి, మంచి ఫిల్టర్ మాస్కు పెట్టుకోండి.

గుంటల్ని పైపైన సాఫు చేసి వదిలేయొద్దు. సూదిమొనతో ఒక్కో గుంట అడుగు దాకా తవ్వి, తళుక్కుమనే లోహం కనిపించాక ఆపండి. తెల్లపొడి ఒక్క చుక్క మిగిలినా పెయింట్ కింద మళ్లీ పొంగుతుంది. బరువు మోసే భాగంలో గుంట లోతు మందంలో పావు వంతు దాటితే పుట్టీతో కప్పకుండా కొత్తది వేసుకోండి. బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్ల కోసం డై పెనెట్రెంట్ వాడాలి. ఎర్రరంగు పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే వెంట్రుకంత చీలిక కూడా ఎర్రగీతలా బయటపడుతుంది. గీత కనిపించిన దిమ్మని మళ్లీ వాడకండి, దాని మీది స్తంభాన్ని పట్టుకుని ఎవరో ఒకరు ఒరుగుతారు.

మళ్లీ యానోడైజింగ్ చేయించాలంటే ఫిట్టింగులో ఉక్కు ముక్క ఒక్కటీ ఉండకూడదు. పోతపోసిన ఫిట్టింగుల్లో సిలికాన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అవి వెండిలా రావు, బూడిదరంగుకి తిరుగుతాయి. పెయింటే వేస్తానంటే ముందు జిడ్డు తీసి నీళ్లు పోసి చూడండి. నీరు ఒకే పొరలా పరుచుకోవాలి, బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డుందన్నమాట. ఆరాక చివరిసారి రుద్ది, గంట రెండు గంటల్లోపే ఎపాక్సీ ప్రైమర్ వేసేయాలి. ఆలస్యమైతే ఆక్సైడ్ పొర మళ్లీ పెరుగుతుంది, ప్రైమర్ పట్టు తగ్గుతుంది. దాని మీద రెండు భాగాలు కలిపి వేసే పాలీయురిథేన్ పెయింట్. రంధ్రాల లోపలి అంచులకీ ప్రైమర్ తగలాలి, పొంగడం మొదలయ్యేది అక్కడే.

తిరిగి బిగించేటప్పుడు రెండు లోహాల్నీ విడదీయండి. మరలకీ, తల కిందా లోహాల మధ్య ఉప్పునీరు చేరనివ్వని టెఫ్‌జెల్ గానీ డ్యూరలాక్ గానీ పూయండి, తల కింద నైలాన్ వాషర్ వేయండి. కాపర్ గ్రీజు, గ్రాఫైట్ గ్రీజు మాత్రం ముట్టుకోవద్దు, అవి బ్యాటరీని ఇంకా బలపరుస్తాయి. డెక్‌కీ ఫిట్టింగుకీ మధ్య బ్యూటైల్ టేప్ (నీరు దిగకుండా ఆపే మెత్తటి జిగురు టేప్) పరచి, పైన బోల్టు తల తిరగకుండా పట్టుకుని కింద నట్ మాత్రమే తిప్పండి. బోల్టు తిరిగితే దాని చుట్టూ ఉన్న బ్యూటైల్ చిరిగి నీరు దిగుతుంది. బ్యూటైల్ నెమ్మదిగా సర్దుకుంటుంది కాబట్టి ఒకేరోజు పూర్తిగా బిగించేయకుండా, మూడు నాలుగు రోజులు రోజుకి పావు చుట్టు చొప్పున బిగిస్తూ, అంచుల్లోంచి ఉబికిన టేప్‌ని ప్లాస్టిక్ కత్తితో కోసేయండి.